పిన్నిగారి మంగళవారం

2024 జూన్. అమలాపురం పక్కన బండారులంకలో ఒక చిన్న చీరల తయారీ సంస్థలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌గా చేరాను. అంతకుముందు ఎనిమిదేళ్లు బెంగళూరులో రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ మాకు మొట్టమొదట నేర్పిన మాట బాటిల్‌నెక్. సీసా ఎంత పెద్దదైనా నీళ్లు దాని మెడలో పట్టినంతే బయటికొస్తాయి. అలాగే ఎన్ని మిషన్లున్నా, అన్నిటికంటే నెమ్మదిగా సాగే పనిని బట్టే సరుకు బయటికొస్తుంది. ఆ మెడ ఎక్కడుందో కనిపెట్టడమే నా ఉద్యోగం. అందులో నాకు తిరుగులేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

చేరిన వారానికే విశాఖపట్నం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. శ్రావణ మాసం అమ్మకాలకి మూడు వందల నూలు చీరలు కావాలి, జులై నెలాఖరుకల్లా అందాలి. అందకపోతే మరమగ్గాల చీరలు తెచ్చుకుంటానని షాపు యజమాని ముందే చెప్పేశాడు. ఒకసారి అటు తిరిగిన షాపు మళ్లీ మా వైపు చూడదు. మాకున్నవి పన్నెండు మగ్గాలు, అన్నీ నేతగాళ్ల ఇళ్లలోనే. నేను ఊరంతా తిరిగి, మరో ఆరు ఇళ్లవాళ్లని ఒప్పించి పద్దెనిమిది చేశాను. మా ఓనరు గారు తెగ సంబరపడ్డారు. నాకైతే కాళ్లు నేల మీద ఆనలేదు.

చీరలు మాత్రం పెరగలేదు. ఏ రోజు వెళ్లి చూసినా నాలుగైదు మగ్గాలు ఖాళీగా ఉండేవి. నేత ఎందుకు ఆపారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు.

"అచ్చు అతకాలండి. పిన్నిగారు రావాలండి."

మగ్గం మీద నిలువు పోగుల్ని పడుగు అంటారు. ఒక పడుగుకి మాకు ఐదు చీరలు వస్తాయి. అది అయిపోగానే, మగ్గంలో మిగిలిన పాత పోగుల చివర్లకి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా చేత్తో కలిపి మెలిపెట్టాలి. వేళ్లకి కాస్త బూడిద అద్దుకుని, దాదాపు నాలుగు వేల పోగులు అలా కలపాలి. దీన్నే అచ్చు అతకడం అంటారు. అది పూర్తయ్యేదాకా నేతగాడు ఖాళీగా కూర్చోవాల్సిందే. మా పద్దెనిమిది మగ్గాలకీ ఆ పని చేసేది ఒకే ఒక్క మనిషి, అరవై దాటిన సుభద్ర గారు. పేటలో అందరికీ పిన్నిగారు.

మెడ దొరికిందనుకున్నాను. తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్లి, నలుగురూ వింటుండగానే, "పిన్నిగారూ, చెయ్యి కాస్త తొందరగా ఆడించాలండి. మీ ఒక్కరి వల్ల నాలుగు మగ్గాలు ఆగిపోయాయి" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఆయ్, అలాగేనండి" అని మళ్లీ పోగుల మీదికి వంగారు.

అంతటితో ఊరుకోలేదు. ఈవిడని మాన్పించి వేరే ఊరి నుంచి ఎవరినైనా తెద్దామని ఓనరు గారికి చెప్పాను. ఆయన, "ఒక్క వారం ఆవిడెనకాల తిరిగి చూడండి మేడం గారూ. అప్పటికీ మాన్పించాలనే అంటే అలాగే మాన్పిద్దాం" అన్నారు.

బుధవారం ఉదయం ఏడింటికి ఆవిడ వెంట బయలుదేరాను. మొదటి ఇంట్లో మగ్గం మీది చీర ఇంకా కోయనేలేదు. "రండి పిన్నిగారూ, కూర్చోండి, ఇంక మూరెడే ఉందండి" అన్నాడు నేతగాడు. కాఫీ ఇచ్చారు. తర్వాత పెసరట్లు వేశారు. మర్యాదకి లోటు లేదు గానీ గంటన్నర ఎగిరిపోయింది. మర్నాడు ఇంకో ఇంట్లో కొత్త పడుగు పరవలేదు, అక్కడా అంతే.

మగ్గం ముందు కూర్చున్నాక మాత్రం ఆవిడ చెయ్యి ఆగలేదు. ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. నిమిషానికి పన్నెండు పోగులు, కొన్నిసార్లు పదమూడు. సాయంత్రానికి ఒక్క పోగు తప్పలేదు. ఎనిమిదేళ్లు కుట్టు మిషన్ల మధ్య తిరిగిన నేను అలాంటి చేతులు చూడలేదు. ఆవిడని పట్టుకుని నేనన్న మాట గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

మంగళవారం ఎవరింటికి వెళ్లాలో అడుగుదామని ఆవిడ ఇంటికి వెళితే, గుమ్మంలో కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నారు.

"ఇవాళ పని లేదా పిన్నిగారూ?"

"మంగళారం కదండీ. మంగళారం కొత్త పోగు ఎవరు కలుపుతారండీ? రేపు చూడండి, అయిదిళ్లోళ్లు ఒక్కసారే పిలుస్తారు."

ఐడిల్ టైమ్ అంటే పని లేక చేతులు ఖాళీగా ఉండే సమయం. పద్దెనిమిది మగ్గాలు ఎవరి కోసం ఎదురుచూస్తున్నాయో, ఆవిడే వారానికి ఒక రోజు పూర్తిగా, మిగతా రోజుల్లో గంటో గంటన్నరో ఖాళీగా కూర్చుంటున్నారు. నేను మగ్గాలు పెంచి చేసిందల్లా ఆవిడ కోసం ఎదురుచూసే వాళ్ల వరస పొడిగించడమే.

ఆ సాయంత్రమే నేతగాళ్లందరినీ, పిన్నిగారినీ మా ఆఫీసు గదికి పిలిచాను. ముందుగా పిన్నిగారికి క్షమాపణ చెప్పాను. అన్నది నలుగురిలో కాబట్టి ఇదీ నలుగురిలోనే చెప్పాను. ఆవిడ తల దించుకుని కొంగు సర్దుకున్నారు. తర్వాత, ఇకనుంచి పాత చీర కోసి, కొత్త పడుగు పరిచాకే ఆవిడని పిలవాలని, కాఫీలు పని అయ్యాకే ఇవ్వాలని చెప్పాను. దానికి అందరూ ఒప్పుకున్నారు. మంగళవారం కూడా అచ్చు అతకాలి అనేసరికి అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

నేతగాళ్లలో పెద్దాయన సత్యనారాయణ గారు లేచారు. "మేడం గారూ, మీరంటే మాకు గౌరవమేనండి. కానండీ, మంగళారం పోగు మొదలెడితే ఆ అచ్చు సాగదండి. మా నాన్నగారు పెట్టలేదు, మేవూ పెట్టం. ఆర్డరు పోతే పోయిందనుకుంటావండి."

ఆర్డరు పోయినట్టే అనుకున్నాను. అప్పుడు గోడ పక్కనుంచి పిన్నిగారి గొంతు వినిపించింది.

"బావగారూ, సోమారం పొద్దుగూకే లోపల నేనొచ్చి, మంచి గడియ చూసి, పసుపు రాసి పది పోగులు కలిపేసి పోతాననుకోండి. మంగళారం నేను చేసేది మొదలెట్టడం అవుతుందా, సాగించడం అవుతుందా?"

సత్యనారాయణ గారు చాలాసేపు మీసం దువ్వుకున్నారు. "మొదలు సోమారం పడిపోతే మరింక అది సోమారం అచ్చేనండి" అన్నారు. అందరూ నవ్వేశారు. నేను కూడా నవ్వాను, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. నా చదువుకీ ఎనిమిదేళ్ల అనుభవానికీ తట్టనిది, ఏ ఫ్యాక్టరీ మెట్లూ ఎక్కని ఆవిడకి తట్టింది.

కాఫీలు పని అయ్యాకే ఇవ్వాలన్న నా నియమాన్ని మాత్రం ఆవిడ కొట్టేశారు. "కాఫీ పక్కనెట్టండమ్మా, చల్లారినా తాగుతాను" అన్నారు.

జులై మొదటి వారానికల్లా, పిన్నిగారు కూర్చున్న మగ్గం తప్ప ఖాళీ మగ్గం అన్నది కనబడలేదు. గడువుకి రెండు రోజుల ముందే ఆఖరి మూట వ్యాన్ ఎక్కింది. మూడు వందల చీరల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే గర్వపడిన రోజు లేదు.

శ్రావణం వెళ్లాక ఆ షాపు యజమాని దసరా ఆర్డరు పట్టుకుని స్వయంగా వచ్చాడు. ఇంత తొందరగా పని చేయించిన మనిషిని చూడాలన్నాడు. ఓనరు గారు నా వైపు చూపించారు. నేను ఆయన్ని పిన్నిగారు అచ్చు అతుకుతున్న ఇంటికి తీసుకెళ్లి, "ఈవిడేనండి" అన్నాను. ఆయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

పిన్నిగారు తలెత్తలేదు. "ఈ వరస అయిపోనివ్వండి బాబూ, మాట్లాడతాను" అన్నారు.

కారు బయట పెట్టుకుని, ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా, ఆయన గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డాడు. నేను ఆవిడని పిలవలేదు, తొందరపెట్టలేదు. పనిలో సీసా మెడ లాంటి మనిషి కోసం ఎవరైనా ఆగొచ్చు, ఆ మనిషి మాత్రం ఎవరి కోసమూ ఆగకూడదు. నేను నేర్చుకున్నది అంతే.