తుండుగుడ్డ కింద గూఢచారి

గూఢచారి నవల అట్ట ఎక్కడ కనబడినా నాకిప్పటికీ కోపం వస్తుంది. చైనాతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో మా చిన్నాయన అలాంటివే చదివి వినిపిస్తూ, "కొత్తోళ్ల మీద కన్నేసి ఉండాల పాపా" అనేవాడు.

మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయి దుక్కి ఆగింది. జత ఎద్దు కోసం నాయన నన్నూ చిన్నాయననూ వెంటబెట్టుకుని బాగేపల్లి సంతకు వెళ్లాడు. అక్కడ నాయనా, ఎవరో కొత్తాయనా తుండుగుడ్డ కింద చేతులు కలిపి, మాట్లాడకుండా వేళ్లు నొక్కుకుంటున్నారు.

"నాయనా, ఈయప్ప గూఢచారి. నీ కాడ గుట్టు లాగతాండాడు" అని అరిచాను.

జనం మూగారు. కొత్తాయన నొచ్చుకుని, ఎద్దును తోలుకుని వెళ్లిపోయాడు. నాయన నన్ను కొట్టాడు.

"మన సీఐడీ పాప" అని చిన్నాయన అందరికంటే ఎక్కువగా నవ్వాడు.

పక్కవాళ్లకు ధర తెలియకుండా అలా వేళ్లతోనే బేరమాడతారని తర్వాతెప్పుడో తెలిసింది. చిన్నాయన చెప్పినట్టే చేసిన నాకు దెబ్బలెందుకు పడ్డాయో మాత్రం ఇంకా తెలియలేదు.