మాసమ్మపార రాజ్యం

రాజ్యాలు పుట్టించడం ధనశ్రీ ఉద్యోగం. మధురవాడలో ఫోన్ గేములు తయారుచేసే చిన్న కంపెనీ. ఒకరోజు మేనేజర్ ఉదయ్‌కుమార్ వచ్చి, "సముద్రం మధ్య ఒక రాజ్యం కావాలి. ఎవరు కట్టారు, అక్కడే ఎందుకు కట్టారు, పేరెలా వచ్చింది, అన్నీ రేపటికల్లా" అన్నాడు, కూరగాయలు తెమ్మన్నంత తేలిగ్గా.

రాసినవి రెండుసార్లు తిప్పికొట్టాడు, ఎక్కడో చదివినట్టున్నాయని. మూడోసారి ధనశ్రీకి ఇంట్లో ఉన్నది గుర్తొచ్చింది.

ఆమె తండ్రి ఎల్లాజీ జాలరిపేటలో పడవ మీద బతికే మనిషి. తీరానికి దూరంగా నీళ్ల అడుగున ఒక రాతిగుట్ట ఉంది, అలాంటిదాన్ని జాలర్లు పార అంటారు. దాన్ని కనిపెట్టిన ఎల్లాజీ తాత దానికి తన పెళ్లాం పేరు పెట్టుకున్నాడు, మాసమ్మపార అని. అక్కడ చేపకు కొదవ లేదు. చోటు తెలియాలంటే పడవలోంచి ఒడ్డుకేసి చూడాలి. దక్షిణాన లైట్‌హౌస్ ఒక కొండ కొసకు సూటిగా కనపడాలి, ఉత్తరాన రెండు కొండల సందులో మూడో కొండ శిఖరం కనపడాలి. ఇలాంటి గుర్తులు జాలర్లు అన్నదమ్ములకైనా చెప్పరు. కొడుకులు లేని ఎల్లాజీ కూతురికి చెప్పాడు.

"నాను పోతే ఇది కూడా పోద్దమ్మా. నీకాడ దాసుకో."

దాచుకోమన్నదాన్ని ఆమె ఊరందరికీ పంచిపెట్టింది. తప్పని తోచనే లేదు, అదే ఇప్పటికీ ఆమెను తినేస్తుంది. గేములో రాజు పడవ మీద వస్తాడు. లైట్‌హౌస్ కొండ కొసకు సూటిగా, మూడో శిఖరం కొండల సందులో కనపడగానే లంగరు వేసి, రాణి పేరున మాసమ్మపురం కడతాడు. కొండల బొమ్మలకు తండ్రి పడవలోంచి తాను తీసిన ఫొటోలే ఇచ్చింది. ఉదయ్‌కుమార్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లకే పొంగిపోయింది, పిచ్చిది.

చేపల వేటలో గంటల తరబడి ఊరికే కూచునే జాలర్లు ఫోన్‌లో ఆటలాడకేం చేస్తారు? గణేష్ అనే పడవ యజమాని ఆ కొండలను గుర్తుపట్టాడు. వెళ్లి చూశాడు. నెల తిరిగేసరికి మాసమ్మపార మీద ఇరవై పడవలు. మూడు నెలలకు అక్కడ చేపన్నది లేదు.

ఎల్లాజీ ఎవరి ఫోనో పట్టుకొచ్చాడు. "ఇది నువ్ రాసిందేనేటమ్మా?"

"అవును నాన్నా."

"బాగా రాసినావు. కొండలు సరిగ్గా ఉన్నాయి."

తిట్టినా బాగుండేది. ధనశ్రీ ఉదయ్‌కుమార్‌ను బతిమాలి ఆ భాగం తీయించింది. కానీ జాలర్ల బుర్రల్లోంచి ఎవరు తీయగలరు?

వానలు వెళ్లాక ఒక ఉదయం ఎల్లాజీ బుట్టనిండా ఎర్ర చేపలతో వచ్చాడు. రాళ్ల దగ్గర తప్ప దొరకని చేపలవి. ఆయనకు ఇంకో చోటు దొరికిందని ధనశ్రీకి అర్థమైంది. ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడ పడ్డాయి నాన్నా?"

ఎల్లాజీ వల దులుపుతూనే ఉన్నాడు. "అలా తోవలో పడ్డాయమ్మా."

చేపలు కొనడానికి వచ్చిన పరాయివాళ్లు అడిగితే ఒడ్డున అందరూ చెప్పే జవాబు అది. ధనశ్రీ మళ్లీ అడగలేదు.