చావనివ్వని తల్లులు

రేపు తెనాలిలో మా నాటకం. పాత విషాద ప్రేమకథను ఈ కాలానికి మార్చాం, దర్శకత్వం నాది. పగబట్టిన రెండు కుటుంబాలు, ఫోన్లలో పెరిగిన ప్రేమ, చివర ఇద్దరి చావు. నాయిక మా చెల్లెలి కూతురే.

ఈ రోజు రేపల్లెలో ఆఖరి రిహార్సల్. పిల్ల చనిపోయి పడుకోగానే, టిఫిన్ తెచ్చిన మా చెల్లెలు క్యారేజీ కిందపెట్టి స్టేజీ ఎక్కేసింది.

“లెగవే! పెళ్ళి కావాల్సిన పిల్లవి, శవంలా పడుకుంటావేంటి?”

“నాటకమే కదమ్మా,” అన్నాను.

“నీకు నాటకమే అక్కా. రోజూ దీని కోసం ప్రార్థన చేసేదానివి, నీ చేత్తోనే చంపుతావా?”

అంతలో కింద కూర్చున్న, నాయకుడి వేషం వేసే కుర్రాడి తల్లి కూడా లేచింది. “మావాడేమన్నా ఊరికే దొరికాడా అండీ? వాళ్ళమ్మాయి చావకపోతే మావాడూ చావడు!”

నాటకంలో ప్రేమికులిద్దరూ చస్తేనే ఆ రెండు కుటుంబాలకు బుద్ధి వస్తుంది. కథంతా దాని మీదే నిలబడింది. అయినా రిహార్సల్ అక్కడితో ఆపి, అందరికీ టిఫిన్ పెట్టాను.

సాయంత్రం ప్రార్థనకు మోకరించాను. పిల్లలను చల్లగా చూడమనాలో, రేపొక్కసారికి చావనివ్వమనాలో తెలియక, ఆమెన్ అని లేచాను.

మీరైతే ఏమని అడుగుతారు?