కోసిందే, చచ్చింది కాదు

అంటువ్యాధుల పరిశోధనలో ఇన్నేళ్లు గడిపాక నాకు క్రిములంటే పెద్దగా భయం లేదు. మాటలంటేనే భయం. అడిగే మాట అటుఇటయిందంటే రోగం మన కళ్లముందే ఊరు దాటిపోతుంది, మనం మాత్రం అంతా బాగుందని రాసుకుని ఇంటికి వచ్చేస్తాం.

తెలంగాణ వచ్చాక మా నల్లగొండ పల్లెల్లో గొర్రెల మందలు పెరిగాయి. అప్పటికి నేను హైదరాబాదులో, పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల మీద పనిచేస్తున్నాను. ఓ వానాకాలం రామన్నపేట దగ్గరి ఊళ్లో గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలిపోతున్నాయని, ఒక కాపరి చేతికి నల్లటి పుండు లేచిందని కబురొచ్చింది. ఆంత్రాక్స్ అని నా అనుమానం. నాకంటే ముందు వెళ్లిన కుర్ర డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి, చచ్చిన గొర్రె మాంసం ఎవరూ తినలేదని తేల్చి నిమ్మళంగా వచ్చేశారు. నాకు ఒళ్లు మండింది. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, పడిన జీవాన్ని ఊరికే వదిలేసే ఊరు నేనెక్కడా చూడలేదు.

కాపరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వయసు మళ్లిన మనిషి, తలకు రుమాలు. మణికట్టు పైన పుండు బొగ్గులా నల్లబడి ఉంది, చుట్టూ వాపు. నొప్పి లేదన్నాడు. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు; ఆంత్రాక్స్ పుండు నొప్పి పెట్టదు.

"సచ్చిన జీవాన్ని తిన్నరా?" అని నేనూ అడిగి చూశాను.

"సచ్చినదాన్ని తినేటోళ్ల లెక్క కనవడ్తున్నమా డాక్టరమ్మా? గట్ల అడిగితె ఇజ్జత్ పోతది."

"సరే. కోసుకున్నరా?"

"ఆఁ, కోసినం. పడంగనే కత్తి వెట్టిన."

అదీ సంగతి. మా వైపు కొన ఊపిరితో కొట్టుకుంటున్న జీవం మెడ మీద కత్తి పడితే అది కోసిందే, చచ్చింది కాదు. అతను అబద్ధం ఆడలేదు. ఊళ్లో ఎవరూ ఆడలేదు.

ఆయన భార్య గడపలో నిలబడి వింటోంది. "నల్ల వండినవా అక్కా?" అని అడిగాను. నల్ల అంటే గిన్నెలో పట్టి, గడ్డకట్టాక వండుకునే నెత్తురు.

"యాడిది? ఎంతసేపు వెట్టినా ముద్ద కాకపాయె. నీళ్ల లెక్కనే ఉండె. దొడ్లె పారవోసిన."

నెత్తురు గడ్డకట్టకపోవడం ఆ రోగం గుర్తు. ఆ నెత్తురు ఇంకిన మట్టిలో క్రిమి ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. మేం మాట్లాడుతుండగానే గొర్రెలు ఆ దొడ్డిలో నేల మీద మూతులు పెట్టి రాలిన ఆకు ఏరుకుంటున్నాయి.

మాంసం కొంత వండుకున్నారట, మిగిలింది ముక్కలు కోసి, వాన తెరిపి ఇచ్చినప్పుడు తీగ మీద ఎండబెట్టి ఒరుగులు చేశారట. ఆ ఒరుగులు ఏవని అడిగాను.

"బిడ్డకు పంపినం," అందామె. "కట్టంగూర్ల ఇచ్చి పెండ్లి జేసినం. కడుపుతోని ఉన్నది. ఒరుగులు తినబుద్ధయితాందని ఫోన్ జేసింది. నిన్ననే బస్సుల పొయినయి."

బిడ్డకు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. కాపరికి సూది వేయించి, జీపులో నా పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. దారంతా ఆయనది ఒకటే మాట, "కోసిందే గదమ్మా?" అని. నేను ఆ పిల్ల నంబరుకు చేస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల వాకిట్లోనే ఎదురొచ్చింది. నెలలు నిండుతున్న మనిషి, తండ్రిని చూసి ముఖం చేటంత చేసుకుంది. ఒరుగులు ఇంకా గిన్నెలో నానుతున్నాయి, పొయ్యెక్కలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో వాళ్లత్త లోపలి నుంచి, "గవ్వి జరన్నే ఉన్నయి. తక్కినయి పక్కిండ్లకు పంచిన," అంది.

ఏయే ఇళ్లో నేను అడిగి రాసుకుంటున్నాను. ఈలోగా కాపరి వెళ్లి వీధి మధ్యలో నిలబడ్డాడు.

"నేను పంపింది సచ్చిన జీవం. ఎవ్వలు తినకుర్రి," అన్నాడు, వాడంతా వినేలా. ఆ తర్వాత ప్రతి గడప ముందూ ఆగి అదే చెప్పాడు.

ఒరుగులన్నీ వెనక్కి వచ్చాయి. కాల్చేశాం. ముట్టుకున్నవాళ్లందరికీ మాత్రలిచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు. అత్త మాత్రం, "కడుపుతోని ఉన్న పిల్లకు సచ్చినదాన్ని పంపుతవా?" అని వియ్యంకుడి ముఖం మీదే అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్ల తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నాకొక్కదానికి చెప్తె అయిపోతుండె గద బాపూ," అంది. తర్వాత తలుపు పడింది.

తిరిగి వచ్చి దొడ్డిలో సున్నం చల్లించాను, మందకు టీకాలు వేయించాను. అయినా ఆ మట్టి మీద నాకు నమ్మకం కుదరలేదు. సభల్లో ఈ సంగతి చెబితే బాగా మెచ్చుకున్నారు. సరైన మాటతో అడగడం ఎలాగో కుర్ర డాక్టర్లకు పాఠంగా కూడా చెప్పాను.

మరుసటి వానాకాలం అదే ఊళ్లో గొర్రెలు పడుతున్నాయని మళ్లీ కబురొచ్చింది. ఈసారి చచ్చిందా అని అడగనే లేదు. కోసినరా అనే ఇల్లిల్లూ అడిగాను. "మా దాంట్ల ఒక్కటి గూడ పడలే," అన్నారు అందరూ, ముందే కూడబలుక్కున్నట్టు.

కాపరి కూడా అదే అన్నాడు. మచ్చ పడిన చేతిని తువ్వాల కింద పెట్టుకున్నాడు.

"మనుమడు వుట్టిండట," అన్నాడు నా వైపు చూడకుండా. "ఇంకా సూడలే. ఆళ్లు రమ్మంటలేరు."

నాకు దుఃఖం వచ్చింది. ఏదో చెప్పబోయి తల తిప్పితే, వసారాలో తీగ మీద పరిచిన పాత చీర కనిపించింది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. కింద ఏముందని అడిగాను.

"బట్టలు," అన్నాడు.