ముత్తమ్మ ఇచ్చిన బీర గింజలు

మా బీరపాదును ఎవరైనా మెచ్చుకుంటే నేను మాట మార్చేస్తాను. ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తూనే ఉన్నాను. ఎందుకో మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతాను.

ఎనభైల్లో మధిర నుంచి ఏన్కూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. మా అత్తయ్య పెరటికి గింజలు కొనేది కాదు. తొలకరికి ముందు వారపు అంగడిలో, అడవి పల్లె నుంచి వచ్చే ముత్తమ్మకు ఉప్పు ఇచ్చి, ఆమె సొరబుర్రలో బూడిద కలిపి దాచిన బీర గింజలు తెచ్చుకునేది. ఇద్దరూ కబుర్లలో పడితే పొద్దు తెలిసేది కాదు.

ఒక ఏడు అత్తయ్యకు కాలు నొప్పి. ఉప్పు మూట ఇచ్చి నన్ను పంపింది. నేను ముత్తమ్మ దగ్గరికి వెళ్లనే లేదు. ఖమ్మంలో ఒక దుకాణంలో రంగుల బొమ్మ ఉన్న బీర గింజల పొట్లం అంతకుముందే కొని దాచుకున్నాను. ఆ గింజలనే బూడిదలో పొర్లించి, ముత్తమ్మ ఇచ్చిందని అత్తయ్య చేతిలో పోశాను. కాయలు విరగకాశాక అసలు సంగతి చెప్పి ఆమెను ఆటపట్టించాలని నా ఉబలాటం. రైలు ఆగే ఊరి పిల్లనన్న గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు.

కాయలు చేదు. అత్తయ్య ముద్ద ఊసేసి, "ముత్తమ్మ గిట్ల జేసిందేంది" అంది. అప్పుడే నోరు విప్పాల్సింది. ఎందుకు విప్పలేదు? తిడుతుందనా? ఆమె తిట్టే మనిషి కాదే. చిన్నబోతానని, అంతే. ఆ తరువాత అత్తయ్య అంగడిలో ముత్తమ్మ ఎదురైనా పలకరించలేదు.

మరుసటి ఏడు గింజల పని నాకే వదిలేసింది. అంగడిలో ముత్తమ్మే నన్ను ఆపింది.

"ఏంది బిడ్డా, మీ అత్త నాతోటి మాట్లాడ్తలేదు. నేనేమన్న తప్పు జేసిన్నా?"

"నాకు తెలియదు ముత్తమ్మా."

నా మొహంలోకి చూసింది. నా కొంగులో గుప్పెడు గింజలు పోసి, "పోనియ్ బిడ్డా. పెరడు ఖాళీగ ఉంచొద్దు, తీస్కపో" అంది. ఉప్పు ఊసే ఎత్తలేదు.

ఆ ఏడు పందిరి కాయలతో వంగిపోయింది. ఎక్కడివని అత్తయ్య అడిగితే, ఖమ్మం దుకాణం గింజలని చెప్పాను. మొదటిసారి గర్వంతో చేశాను. ఈసారి చేసినదాన్ని ఏమనాలి? అత్తయ్య చివరిదాకా ఆ దుకాణాన్నే మెచ్చుకుంది. ఆమె పోయిన కొన్నాళ్లకు ముత్తమ్మ కూడా పోయిందని విన్నాను. వాళ్లిద్దరూ మళ్లీ ఒకచోట కూర్చోలేదు.

ఖమ్మంలోని ఖానాపురం హవేలికి కాపురం మారినప్పుడు ఆ పాదు గింజలనే వెంట తెచ్చుకున్నాను. నా పిల్లలు ఆ కూరతోనే పెరిగారు. అంతా ముత్తమ్మ చేతి చలవ. ఏటా గింజ పెట్టేటప్పుడు ఆమెను తలచుకుని దండం పెట్టుకుంటాను. క్షమించమని అడగడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

నిన్న పక్కింటి అమ్మాయి గింజలు తీసుకుంటూ, ఏ దుకాణంలో కొన్నారని అడిగింది. అలవాటుగా అబద్ధం నోటిదాకా వచ్చింది. "కొన్నవి కావమ్మా, ముత్తమ్మ ఇచ్చింది" అన్నాను. ఆ నిజం పైకి చెప్పడం అదే మొదలు. ముత్తమ్మ ఎవరని అడిగింది. అందుకే ఇదంతా రాశాను.