పైనుంచి చూస్తే బీడు

నేను పని చేసేది చిక్కబళ్ళాపురంలో, కంప్యూటరు ముందు. సర్కారు భూమిని దున్నుకుంటున్న రైతులు పట్టా కోసం అర్జీ పెడతారు. ఆ భూమిని పాత ఉపగ్రహ చిత్రంలో వెతికి, అప్పట్లో పైరు కనిపిస్తే ‘సాగు ఉంది’ అనీ, కనిపించకపోతే ‘సాగు లేదు’ అనీ నొక్కాలి. ‘లేదు’ అని పడిందంటే అర్జీ కొట్టేసినట్టే. చిత్రం అబద్ధం చెప్పదని మా ఆఫీసులో అందరూ అంటారు. నేనూ అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం బాగేపల్లి జాబితాలో మా సర్వే నంబరు వచ్చింది. పశువుల మేతకని సర్కారు వదిలిన గోమాళం అది. నేను పుట్టకముందు నుంచీ నాయన దున్నుతున్నాడు. తెర మీదికి తెచ్చి చూశాను. చుట్టూ చేలన్నీ పచ్చగా ఉన్నాయి, మాదొక్కటే పాత గోనెసంచిలా ఉంది. ఏ యేటి చిత్రమా అని చూస్తే, అమ్మను బెంగళూరు ఆసుపత్రిలో చేర్చిన యేడు. ఆ వానాకాలమంతా నాయన ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాడు. మా మడక చేను దున్ననిది ఆ ఒక్క యేడే. అమ్మా దక్కలేదు.

కారణం రాయడానికి అందులో గడి లేదు. ఈ అర్జీని పక్క సీటు ఆవిడకు ఇచ్చేయొచ్చు, ఆవిడా ‘సాగు లేదు’ అనే నొక్కుతుంది. నేనే నొక్కాను. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె నేనే. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. డబ్బా విప్పి పెరుగన్నం తిన్నాను. ఉప్పు తక్కువైందని కూడా తెలిసింది.

ఆ ఆదివారం ఊరికి పోయాను. నాయన అదునూ పదునూ లేని కాలంలో చేను దున్ని ఉలవలు చల్లేశాడు. పక్కచేనివాళ్ళ బోరు నుంచి పైపు లాగి నీళ్ళు కడుతున్నాడు.

“ఇప్పుడెందుకు నాయనా?”

“పైనుంచి ఫోటో తీస్తారంట గదమ్మా. అప్పటికి చేను పచ్చగా ఉండల్ల. నీకు తెల్సుంటాదే, యెప్పుడు తీస్తారు?”

తీసి చాలా యేళ్ళయిందని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే, ఏ యేడు అని అడుగుతాడు. అమ్మ దగ్గర కూర్చున్నందుకే చేను పోయిందని ఆయనకు తెలిసిపోతుంది.

“తెలీదు నాయనా,” అన్నాను. నా మీద నాకు అసహ్యం వేయాల్సింది. అదీ వేయలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

రెండు వారాలకు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అర్జీ కొట్టేసిన నోటీసు ఇంకా ఇంటికి చేరలేదు.

“మొలకలు బాగా లేసినాయి. నీ కంప్యూటర్లో కనిపిస్తాండాదా చూడు.”

నేను తెర వైపు కూడా చూడలేదు.

“కనిపిస్తాండాది నాయనా.”

“పచ్చగానా?”

“పచ్చగానే.”

బిందె దించుకున్న మనిషిలా ఒక్కసారి ఊపిరి వదిలాడు.

“అయితే ఇంగ నీళ్ళు కట్టేది నిలిపేద్దునా? నడుము పట్టేసుండాది.”

నిలిపేయమంటే, ఫోటో తీసేశారా అని అడుగుతాడు. “ఇంగా కొన్నాళ్ళు కట్టు నాయనా,” అన్నాను.