పెద్దమ్మ నమ్మి కుట్టిన ఒక్క బొంత

మా వీధి బొంతల పెద్దమ్మ పోయిందని తోడికోడలు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి సాయంత్రం టీ వేళకు లేవలేదట. నేను ఇప్పుడు మేముంటున్న నరసరావుపేటలో కూరగాయల సంచితో ఆటో కోసం నిలబడి ఉన్నాను. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని అడిగాను. అడిగాక తెలిసింది, అది నా మాట కాదు, ఆమె మాట. ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా పెద్దమ్మ మొదట అడిగేది అదే.

"చూసే చెబుతున్నానక్కా. చెయ్యి పట్టుకొని చూశా," అంది తోడికోడలు. అప్పుడు నమ్మాను.

ఆమె మాకు చుట్టం కాదు. రొంపిచెర్లలో మా అత్తగారి ఇంటికి ఎదురిల్లు ఆమెది. భర్త లేడు, పిల్లల్లేరు. పాత చీరలు, పంచెలు, టైలర్ల దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు పోగుచేసి బొంతలు కుట్టేది. వసారాలో పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, లోపల పొరలు పేర్చి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు కుట్టుకుంటూ వచ్చేది. కుట్టు కుట్టుకీ వేలితో నొక్కి చూసుకునేది, సూది కూడా తనను మోసం చేస్తుందన్నట్టు.

ఆమెకు అందరి మీదా అనుమానమే. ఎవరైనా పాత బట్ట తెస్తే వెలుగులోకి ఎత్తి చూసేది, రెండు చేతులతో లాగి చూసేది, ఒక పోగు పీకి అగ్గిపుల్లతో అంటించేది. పోగు బూడిదైతే నూలు. ముద్దగా మిగిలితే, "ఇదేంది, నూలని చెప్పి ప్లాస్టిక్ తెచ్చావు? తీసకపో," అనేది. చివరగా ముక్కు దగ్గర పెట్టుకొని చానాసేపు వాసన చూసేది. బట్ట బాగున్నా ఊరుకునేది కాదు. "ఇంత మంచి చీర ఎందుకిచ్చేస్తున్నావే? ఏమైంది దీనికి?" అని ఆరా తీసేది.

వీధికి మాత్రం ఆమె మీదే అనుమానం. ఒంటి మీద వేసుకున్న బట్ట ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని, దానితో చేతబడి చేస్తారని మా వైపు భయం. అందరి బట్టలూ పోగేసే ఒంటరి మనిషి కాబట్టి ఆ భయమంతా ఆమె గుమ్మం దగ్గరే ఆగేది. అయినా చలికాలం వస్తే అందరికీ ఆమె బొంతే కావాలి.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు పట్టుబట్టి పెద్దమ్మ చేత చిన్న బొంత కుట్టించారు. బట్టలు కూడా ఆవిడే స్వయంగా మూటకట్టి ఇచ్చి వచ్చారు. పైన నా పెళ్ళినాటి పసుపు చీర, అంచుకు ఆకుపచ్చ ముక్కలు. ఎంత మెత్తగా ఉండేదంటే పిల్లను పడుకోబెట్టాక చెయ్యి తీయబుద్ధి అయ్యేది కాదు.

కొన్నాళ్ళకు పిల్ల వీపు మీద ఎర్రగా పొక్కులు లేచాయి. గుక్కపట్టి ఏడ్చేది. నరసరావుపేట డాక్టరు పూత మందు ఇచ్చాడు. నడికుడిలో మా పుట్టింటికి తీసుకెళ్తే అక్కడ వీపు శుభ్రంగా మానింది. రొంపిచెర్ల తిరిగి వచ్చాక మళ్ళీ లేచాయి, ఈసారి నీరు కారుతూ.

"ఆ ముసల్ది ఏదో పెట్టి కుట్టింది," అన్నారు అత్తగారు. "నిమ్మకాయో, వెంట్రుకలో. బొంత ఇంట్లోకి వచ్చినకాడినించే గదా ఇదంతా."

చేతబడి మాట నేను నమ్మలేదు. కానీ పొక్కులు వీపు మీదే ఉన్నాయి, పొట్ట మీద లేవు. పుట్టింటికి వెళ్ళినప్పుడు బొంత మాతో రాలేదు. ఈ రెండూ కలిపి చూస్తే నాకూ బొంత మీదే అనుమానం వచ్చింది. ఉదయాన్నే బొంత మడిచి చంకన పెట్టుకొని వీధి దాటాను.

"పెద్దమ్మా, ఇందులో ఏం పెట్టి కుట్టావు?" అని అడిగేశాను.

తిడుతుందనుకున్నాను. ఆమె కుడుతున్న సూదిని జాకెట్టుకు గుచ్చుకొని నా ముఖంలోకి చూసింది. "వీధిలో అందరూ గొణుక్కోవడమే గానీ మొహాన అడిగింది నువ్వే. కూర్చో. అనుమానం వస్తే విప్పి చూడాలి. లోపల పెట్టుకొని పడుకుంటే అదే పొడిచిద్ది."

కత్తెర తీసుకోలేదు. ఎంతో శ్రమపడి కుట్టిన కుట్లను సూదిమొనతో ఒక్కొక్కటే ఎత్తి లాగింది. గేటు అవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పోగయ్యారు. మా అత్తగారు మా అరుగు మీదే నిలబడి చూస్తున్నారు.

పసుపు చీర పక్కకు వచ్చింది. దాని కింద మెత్తబడ్డ పంచె. దాని కింద విప్పి పరిచిన చొక్కా. ఆ కింద ఇంకో చీర. అంతే. నిమ్మకాయ లేదు, వెంట్రుకలు లేవు. ఆడవాళ్ళకు కాస్త నిరాశగానే ఉన్నట్టుంది.

పెద్దమ్మ లేవలేదు. నన్ను గోరువెచ్చని నీళ్ళు తెమ్మంది. ఒక్కో పొర మీద కాసిని చిలకరించి, వంగి వాసన చూసి, నన్నూ చూడమంది. పంచె దగ్గర ఏమీ లేదు. చొక్కా మీద నీళ్ళు పడగానే ఘాటుగా లేచింది. పల్నాడులో పుట్టినవాళ్ళకు ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. మిరపచేలో, పత్తిచేలో కొట్టే పురుగుమందు. పిల్ల పక్క తడిపినప్పుడల్లా అది పైకి ఊరేదన్నమాట.

చొక్కా ఎవరిదో కూడా అప్పుడే గుర్తుపట్టాను. చిరిగిన జేబు, గీతల చొక్కా. మా మామగారిది.

"చేలో ఏసుకున్నదా అని మీ అత్తని అడిగా. కాదంది," అంది పెద్దమ్మ. "ఆ వారం జలుబు చేసి నా ముక్కు పనిచేయలా. ఒక మనిషి మాట నమ్మి కుట్టడం ఇదొక్కసారే."

మా అత్తగారు వీధి దాటి గేటు దాకా వచ్చారు. "దొరికిందా నిమ్మకాయ?" అన్నారు.

"దొరికింది," అంది పెద్దమ్మ, చొక్కా ఎత్తి పట్టుకొని. "మీ ఇంటి నిమ్మకాయే. చూడు."

అత్తగారు చొక్కాను గుర్తుపట్టారు. "సబ్బు పెట్టి బండకేసి బాదా. వాసన పోయిందనుకున్నా," అన్నారు.

"చేలోది కాదని ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే నువ్వు కుడతావా?" అంటూనే అత్తగారు గేటు పట్టుకొని కూలబడ్డారు. "మంచి బట్టలన్నీ దినాల్లో ఇచ్చేశారు. మిగిలింది ఆ చేలో చొక్కా ఒక్కటే. మనవరాలు పుట్టిద్దని ఎదురుచూసీ చూసీ పోయాడు. ఆయనది ఏదో ఒకటి పిల్ల ఒంటికి తగలాలని..."

పిల్ల పుట్టడానికి కొద్ది నెలల ముందే మా మామగారు పోయారు. గేటు దగ్గరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దమ్మ మాత్రం మెత్తబడలేదు. "ఆ సంగతి నాకు ముందే చెప్పాల్సింది," అని గట్టిగానే అంది. తర్వాత చొక్కా పక్కన పడేసి, "చేలోకి పోనిది ఇంకేమన్నా ఉందా ఆయనది?" అని అడిగింది.

అత్తగారు లేచి వెళ్ళి బీరువా అడుగు నుంచి ఒక తుండు తెచ్చారు. గుడికి వెళ్ళేటప్పుడు మామగారు భుజాన వేసుకునేది. పెద్దమ్మ దాన్ని వెలుగులో చూసింది, పోగు కాల్చింది, నీళ్ళు చల్లి వాసన చూసింది, నన్నూ చూడమంది. అప్పటికీ తృప్తి లేక, "పిల్ల మీద ఒట్టేసి చెప్పు," అంది. అత్తగారు ఏడుస్తూ ఒట్టు వేశారు.

విప్పిన బట్టలేవీ మళ్ళీ వాడలేదు. "పక్కనున్నయి గూడా పీల్చుకొని ఉంటయి," అని పసుపు చీరను సైతం పక్కన పెట్టేసింది. కొత్త బొంత నా ఇంకో చీరతో మొదలైంది, మధ్యలో తుండు. డాక్టరును అడిగితే, మందు అంటిన బట్ట వల్ల కావచ్చు, ఇక వాడొద్దు అన్నాడు. ఆ పొక్కులు మళ్ళీ రాలేదు.

ఆ బొంత కుడుతున్నన్నాళ్ళూ మా అత్తగారు ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నారు. పెద్దమ్మ చేతుల మీద నుంచి కళ్ళు తీయలేదు. పెద్దమ్మ కూడా ఆవిడ వైపు ఓ కన్ను వేసే ఉంచింది. "ఏమే, ఏం చూస్తన్నావు?" "ఏం పెడతావో చూస్తన్నా." "చూడు, బాగా చూడు." ఇదీ వాళ్ళ సంభాషణ. ఆ తర్వాత మా ఇంటి బొంతలన్నీ అలాగే కుట్టారు. ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేను. కానీ అత్తగారికి జ్వరం వస్తే పెద్దమ్మ వచ్చి మందుబిళ్ళల డేటు చూసి, కిటికీ దగ్గర పట్టుకొని మళ్ళీ చూసి, అప్పుడు మింగనిచ్చేది.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆమె వీపు మీద మచ్చ కూడా లేదు. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా పెద్దమ్మ ఒప్పుకునేది కాదు. "ఏదీ, వెలుగులోకి తిప్పు," అనేది.

మేం రొంపిచెర్ల చేరేసరికి వాన. మట్టి చేసి వచ్చాక పెద్దమ్మ వసారాలో మిగిలిన బట్టల మూటల దగ్గర అందరూ ఆగిపోయారు. "ఎవరెవరి బట్టలో ఏమో, తగలబెట్టేద్దాం," అన్నారెవరో. మా అత్తగారు ఇప్పుడు సరిగా నడవలేరు. నా చెయ్యి పట్టుకొని వచ్చి ఆ మూటల ముందే కూర్చున్నారు. "తగలబెట్టేదేం లేదు. ఆమె ముట్టుకొని చూసిన గుడ్డలు ఇవి. నా కోడళ్ళకి కుట్టడం వచ్చు," అన్నారు.

తెల్లవారి ఎండ బాగా కాసింది. వీధి చివరి దాకా ప్రతి పిట్టగోడ మీదా, ప్రతి గేటు మీదా వానకు చెమ్మెక్కిన పెద్దమ్మ బొంతలు ఆరేసి ఉన్నాయి. చేతబడి అన్నవాళ్ళ ఇళ్ళ ముందూ ఉన్నాయి. ఎరుపు, నీలం, వెలిసిన గులాబీ ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకొని, ఎండకు సన్నగా ఆవిర్లు కక్కుతున్నాయి.